ఇంగ్లీషు దొరకి గుర్రంగా నా కొలువు

నా వయసు మగవాళ్ళు పక్కవాడి జీతం చూసి కుళ్ళుకుంటారు, జుట్టు చూసి కుళ్ళుకుంటారు, మరీ దిగజారిన రోజున వాడి షుగర్ రిపోర్టు చూసి కుళ్ళుకుంటారు. నేను ఒక సర్వనామాన్ని చూసి కుళ్ళుకున్నాను. బయట కతార్ ఎండ కాలుస్తుంటే లోపల ఆ సర్వనామం కాల్చింది. రెండు వైపులా సమానంగా వేగిన మనిషి ఆ రోజుల్లో దోహా మొత్తమ్మీద నేనొక్కణ్ణే.

ఆ సర్వనామం ‘నువ్వు’.

మాది కాకినాడ వైపు. మా ఆవిడ పెళ్ళినాటి నుంచీ నన్ను ‘ఏవండీ’ అంటుంది, ‘మీరు’ అంటుంది. కోపం వచ్చినా ఆ మర్యాద చెక్కుచెదరదు. ‘మీకు బుర్రనేది ఉందాండీ’ అని అడుగుతుంది. తిట్టుకి కూడా పట్టుపంచె కట్టి పంపిస్తుంది. కొత్త కాపురంలో ఒకసారి సిగ్గు విడిచి, ఎవరూ లేనప్పుడైనా ‘నువ్వు’ అనమని బతిమాలాను. పాపం, ప్రయత్నించింది. ‘ను’ దగ్గర నాలుక అంగిట్లో ఇరుక్కుని, నవ్వొచ్చి, పొలమారి, చెంబుడు మంచినీళ్ళు తాగాల్సి వచ్చింది. నావల్ల కాదండీ, అంది. నేను పెద్దమనసుతో వదిలేశాను. పెద్దమనసంటే, కోరికని అటకెక్కించి, రోజూ నిచ్చెన వేసుకుని ఎక్కి అది ఉందో లేదో చూసుకోవడం.

ప్రపంచ కప్పు పోటీలు రాబోతున్నాయని ఊరు ఊరంతా పెళ్ళింటి వాకిలిలా తవ్వి పోసిన కాలమది. పొద్దున వెళ్ళిన రోడ్డు సాయంత్రానికి ఉండేది కాదు. మేముండే అల్ దోహా అల్ జదీదా నుంచి వెస్ట్ బేలో నా ఆఫీసుకి వెళ్ళాలంటే డైవర్షన్ బోర్డుల దయ. ఒక రోజు వాటి వెంటే వెళ్ళి వెళ్ళి, సౌదీ సరిహద్దు వాసన తగిలి వెనక్కి తిరిగానని ఆఫీసులో చెబితే ఎవరూ నవ్వలేదు. వాళ్ళకీ తగిలిందట. ఆ ఆఫీసులో స్టేడియాల డ్రాయింగులకి నంబర్లు వేసి దాచిపెట్టడం నా డ్యూటీ. ఇల్లంటారా, పరదాల కొట్టు పైన ఒక్క గది. వంటగదిలో పూరీ పొంగితే మేమిద్దరం బయటికి రావాలి.

మా ఆవిడ ఊళ్ళో ఉన్నప్పుడు కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మనిషి. ఇక్కడ ఇళ్ళకి వెళ్ళి పిల్లలకి ట్యూషన్లు చెప్పేది. అలా అల్ తుమామాలో ఒక జగిత్యాల వాళ్ళింటికి వెళ్ళేది. ఆ ఇంటాయన కొత్త స్టేడియం పనిలో సేఫ్టీ ఆఫీసరు. ఆయన ఎత్తు గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. ఆయన తలుపులోంచి వచ్చేటప్పుడు వంగేవాడు కాదు, మర్యాదకి ద్వారబంధమే కాస్త పైకి జరిగేది.

ఆ ఇంటావిడ ఒక రోజు మా ఆవిణ్ణి, ఆ లావు లావు పాత ఇంగ్లీషు నవలల్లో ఏముంటుందక్కా, జర కథ లెక్క చెప్పరాదూ, అని అడిగింది. మా ఆవిడ చెప్పింది. ఇంటావిడ అది ఫోనులో రికార్డు చేసి, తెలుగు ఆడవాళ్ళ గ్రూపులో పెట్టింది. ఆ గ్రూపులో ఎక్కువమంది కడప నుంచీ కోనసీమ నుంచీ వచ్చి ఇక్కడి ఇళ్ళల్లో వంటా పిల్లలూ చూసుకునేవాళ్ళు. ఇస్త్రీ చేసుకుంటూ, చెవిలో వైరు పెట్టుకుని విన్నారు. విని, తర్వాతేమైందో చెప్పకపోతే బట్టలు కాల్చేస్తామన్నంత పని చేశారు. దాంతో శుక్రవారం శుక్రవారం మేమిద్దరం వాళ్ళింటికి వెళ్ళి ఒక్కో అధ్యాయం రికార్డు చేయడం మొదలైంది. శుక్రవారమే ఎందుకంటే స్టేడియం పని ఆ పొద్దున ఆగుతుంది. మిగతా రోజుల్లో అయితే కథానాయిక నిట్టూర్చినప్పుడల్లా వెనకనుంచి కాంక్రీటు మిక్సరు సమాధానం చెబుతుంది.

ఆ నవల పేరు చెప్పను. చెబితే మీరు వెళ్ళి చదివి, అందులో గుర్రానికి నేను చెప్పినంత ప్రాముఖ్యం లేదని కనిపెట్టేస్తారు.

కథ టూకీగా ఇది. కథానాయిక మేనత్త పంచన పెరిగిన పిల్ల. పక్క ఎస్టేటు దొర ఆమెని ఇష్టపడతాడు. ఇష్టపడితే వెళ్ళి చెప్పొచ్చుగా అంటే, కుదరదు. ముందు ఎవరో ఒకరు వాళ్ళని ఒకరికొకరు పరిచయం చేయాలి. ఆ పరిచయం చేసే పెద్దమనిషికి జలుబు చేసి మంచం దిగడు. అంచేత చాలా అధ్యాయాలు వాళ్ళు దూరం నుంచి తలలు వంచుకుంటూనే గడుపుతారు. తర్వాత దొర ఇంటికి రావచ్చు గానీ పావుగంటకి మించి కూర్చోకూడదు, టోపీ చేతిలోనే ఉండాలి. ఒకే పిల్లతో వరసగా నాట్యం చేస్తే ఊరు పెళ్ళి ఖాయం చేసేస్తుంది. చేతికి తొడుగు లేకుండా కరచాలనం చేస్తే మేనత్త మూర్ఛపోతుంది. మేనత్తకి మూర్ఛపోవడం వృత్తి.

ఈ మర్యాదలన్నీ నాకు వింతగా అనిపించలేదు. మా ఆఫీసు పెద్దాయన గదిలో ఖావా అని అరబ్బు కాఫీ పోస్తారు. చాలు అనడానికి ఆ చిన్న కప్పుని అటూ ఇటూ ఊపాలి. ఆ సంగతి తెలియక మొదటి రోజు నేను తాగుతూనే ఉన్నాను, ఆయన మనిషి పోస్తూనే ఉన్నాడు. రెండ్రోజులు రెప్ప వాల్చలేదు. మర్యాద తెలియనివాడి గతి ఏ దేశంలోనైనా అంతే.

ఇక పాత్రలు. కథా, కథానాయికా, మేనత్తా మా ఆవిడే. పనిమనుషులూ పక్కింటివాళ్ళూ ఆ ఇంటావిడ. దొర పాత్రకి సహజంగా నేను గొంతు సవరించుకున్నాను. ఒక పేజీ చదివాను. ఆడవాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అది నా గొప్పతనమనే అనుకున్నాను. మా ఆవిడ నెమ్మదిగా, ‘బస్టాండులో మైకులా ఉందండీ’ అంది. తర్వాత ఆ సేఫ్టీ ఆఫీసరు చదివాడు. ఏళ్ళ తరబడి దుమ్ములో అరిచి అరిచి ఆయన గొంతు గరుకెక్కి, లోతెక్కి, బావిలో బిందె మునిగినట్టు ఉంటుంది. నోరు విప్పితే జగిత్యాల మాటే గానీ, రాసింది చేతికిస్తే అచ్చు పుస్తకంలా చదువుతాడు. నాకు గుర్రం పాత్ర దక్కింది.

ఇందులో అతిశయోక్తి లేదు. నిజంగానే గుర్రం. రెండు కాగితం కప్పులు బల్ల మీద బోర్లించి టకటకలాడించడం నా పని. దొర దూరంగా ఉంటే మెల్లగా, దగ్గరికొస్తే గట్టిగా. ఆ గుర్రం దొరదే. అంటే ప్రతి శుక్రవారం ఆయన నా మీదెక్కి వచ్చి మా ఆవిణ్ణి పలకరించేవాడు. ఇంతకన్నా దారుణం ఏ భర్తకైనా జరిగిందేమో పురాణాలు తిరగేశాను. కనపడలేదు.

‘అన్నా, గుర్రం మస్తుగ చేస్తున్నవే’ అనేవాడు ఆయన. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో ఇప్పటికీ తేలలేదు. ఆయన మా ఆవిణ్ణి వదినా అనేవాడు. మన దేశంలో వదిన అంటే సరసమాడే వరస. అందుకని ఒక రోజు పక్కకి పిలిచి, వదినా అని పిలవడం ఎందుకు, చక్కగా అక్కా అనమన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించాడు.

‘అక్కంటే నువ్వు నాకు బావవైతవ్ గదనే. బావనైతే ఎట్లన్న ఆటపట్టియ్యొచ్చు. అన్నవు గాబట్టే ఊకుంటున్న.’

నేను అన్నగానే ఉండిపోయాను.

వినేవాళ్ళు నన్ను గుర్తించారా అంటే అదీ లేదు. కోనసీమ నుంచి వచ్చి ఒక పెద్దింట్లో వంట చేసే ఆవిడ వాయిస్ మెసేజ్ పెట్టింది. ‘అమ్మగారండీ, నాదొక ధర్మసందేహమండి. ఆ ఇంట్లో పొద్దస్తమానం టీలు తాగుతారు గదండీ, ఆ కప్పులెవరు కడుగుతారండీ? ఇంత కథలోనూ కడిగే మనిషి కనపడలేదండీ.’ మా ఆవిడ వారమంతా ఆలోచించి, పై అధ్యాయంలో కప్పులు కడిగే మనిషినొకదాన్ని పెట్టి, దానికి ఒక మాట కూడా ఇచ్చింది. ఆ వారం గ్రూపు చప్పట్లతో మోగిపోయింది. కప్పులు కడిగేదానికి మాట వచ్చింది. గుర్రానికి సకిలింపు కూడా రాలేదు.

ఇంత దాకా నాది మామూలు కుళ్ళే. అసలు కుళ్ళు ఇక్కణ్ణుంచి.

ఇంగ్లీషుకి ఒక సౌకర్యం ఉందని మా ఆవిడ మొదట్లోనే చెప్పింది. రాజునీ కుక్కనీ దేవుణ్ణీ వాళ్ళు ఒక్క ‘యూ’తో సరిపెట్టేస్తారు. మనకలా కాదు. తెలుగులో నోరు తెరిస్తే చాలు, ఎదుటి మనిషి ఎంత ఎత్తులో ఉన్నాడో ముందే తేల్చుకోవాలి. ఆ నవలల్లో మొగుడూ పెళ్ళాం కూడా మిస్టరనీ మిసెస్ అనీ పిలుచుకుంటారు కాబట్టి, దొరా కథానాయికా ఇద్దరూ ‘మీరు’ అనే అనుకోవాలని ఆవిడ తీర్మానం. అలాగే జరిగింది. లోకమంతటినీ నువ్వు అనే ఆ జగిత్యాల మనిషి, మైకు ముందు మా ఆవిణ్ణి ‘మీరు’ అనేవాడు. ‘మీరు ఈరోజు తోటలోకి రాలేదు’ అనేవాడు, ఆ బావిగొంతుతో. ఇరవయ్యేళ్ళ కాపురంలో నేను ఆవిణ్ణి ‘ఏమే’ తప్ప ఇంకోటి అనలేదు. ఆ ‘మీరు’ విన్నప్పుడల్లా మా ఆవిడ వెన్ను ఒక అంగుళం నిటారయ్యేది. నేను చూశాను. గుర్రాలు అన్నీ చూస్తాయి.

చివరి అధ్యాయం దగ్గరపడింది. ఏదో అపార్థంతో దేశాలు పట్టిపోయిన దొర వానలో తడుస్తూ తిరిగొస్తాడు. నేను ఇంట్లో కూర్చుని ఆ దొరని న్యుమోనియాతో చంపేస్తే కథ గంభీరంగా ఉంటుందని సలహా ఇస్తున్నాను. మా ఆవిడ వంటగదిలో బెండకాయలు తరుగుతోంది. ఉన్నట్టుండి అక్కణ్ణుంచి వినపడింది, మెత్తగా, వెన్నలా.

‘నువ్వు వస్తావని నాకు తెలుసు.’

నేను కుర్చీ తన్నేసి పరిగెత్తాను. మా గదిలో పరిగెత్తడమంటే ఒక్క అంగే, కానీ ఆ అంగలో ఇరవయ్యేళ్ళున్నాయి. ‘వచ్చేశానుగా’ అన్నాను.

ఆవిడ కత్తి ఆపి చూసింది. ‘మీకు కాదండీ, దొరకి. చివరి మాట ప్రాక్టీసు చేసుకుంటున్నాను.’

ఒక క్షణం నేను బెండకాయనైపోయాను. ఆ ముదురుది, పక్కన పడేసేది.

ఇన్నాళ్ళూ ‘మీరు’ అన్న కథానాయిక ఆ ఒక్క చోట ‘నువ్వు’ అంటుందట. అక్కడ ఇంగ్లీషులో యూ మామూలుదే అయినా, తెలుగులో దాని బరువు ఆ ఒక్క మాటతోనే తెలుస్తుందట. ఎంతో ఆలోచించి పెట్టిందట. పెట్టదూ మరి. కొత్త కాపురంలో నేనడిగిన కట్నం ఆ ఒక్క మాటే. అది వాయిదాల మీద కూడా ఇవ్వని మనిషి, ఊరూ పేరూ లేని ఇంగ్లీషువాడికి, అదీ జగిత్యాల గొంతుతో ఉన్నవాడికి, ఊరికే ఇచ్చేస్తోంది.

నేను ధర్మశాస్త్రం ఎత్తుకున్నాను. ఆ నవలల్లో నలుగురు పిల్లలు పుట్టినా భార్య భర్తని మిస్టర్ అనే అంటుందనీ, అది మన ‘ఏవండీ’ లాంటిదేననీ, మర్యాద తప్పితే మేనత్త మళ్ళీ మూర్ఛపోతుందనీ వాదించాను.

‘నిజమే’ అంది. ‘ఆయన కూడా ఆవిణ్ణి మిసెస్ అనే అంటాడు. మీరు నన్ను ఏమంటారు?’

నేను బెండకాయల సంగతి మాట్లాడాను.

శుక్రవారం వచ్చింది. అల్ తుమామాలో ఆ ఫ్లాటు, కిటికీలన్నీ బిగించి, చప్పుడు పడకూడదని ఏసీ కట్టేసి, ఇడ్లీపాత్రలా తయారైంది. దొర గుర్రం కుంటిదై దారిలో ఆగిపోతుందట, ఆయన నడిచే వస్తాడట. ఏడాదిపాటు మోసిన జంతువుకి చివర్లో కాలు విరగ్గొట్టారు. అయినా నేను సోఫాలో కదలకుండా కూర్చుని, ఆవిడ నోటివైపే చూస్తున్నాను.

దొర చదివాడు. మా ఆవిడ పెదవి తడుపుకుంది. ‘మీరు వస్తారని నాకు తెలుసు’ అంది. నాలుక కరుచుకుంది. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ ‘మీరు’. మూడోసారి పొలమారింది. నా గుండెల్లో డప్పులు మోగాయి. కొత్త కాపురంలో ఇరుక్కున్న నాలుక ఇంకా ఇరుక్కునే ఉంది. దొర అయితే మాత్రం ఏం, వాడికీ ఆ మాట దక్కలేదు.

ఇంటావిడ విసుక్కుంది. ‘మొగన్ని నువ్వనకపోతే ఇంకెవర్నంటరక్కా? నేను లేస్తే నువ్వు, కూసుంటే నువ్వు.’ అంటూ నావైపు తిరిగింది. ‘బావా, నువ్వు జర బాల్కనీల నిలబడరాదు. నువ్వట్ల గుడ్లురిమి చూస్తే అక్కకు నోరెట్ల వస్తది?’

ఆ ఇంట్లో గోడమీద బల్లితో సహా అందరూ నన్ను నువ్వు అనేవాళ్ళే. ఒక్కరు తప్ప.

బాల్కనీలోకి పంపి తలుపు వేసేశారు. స్టేడియం రొదకి తట్టుకోవాలని పెట్టిన మందపాటి అద్దం తలుపది, లోపలి మాట చీమంత కూడా బయటికి రాదు. ఎదురుగా తెల్లటి స్టేడియం, పెద్ద టోపీ బోర్లించినట్టు. ఆ ఎండలో నిలబడితే మనిషి ముందు చెమటవుతాడు, తర్వాత ఆవిరవుతాడు. నేను చెమట దశలో ఉండగానే వెళ్ళి అద్దానికి ముక్కు ఆనించాను. ఆయన వీపు అద్దం వైపుంది. మా ఆవిడ మొహం ఇటుంది.

వినపడకపోతేనేం. ‘మీరు’ అనాలంటే ముందు పెదాలు రెండూ కలవాలి. ‘నువ్వు’ అనడానికి మొదట్లో కలవక్కర్లేదు. ఇది నాకు ఏ వ్యాకరణమూ చెప్పలేదు, అసూయ చెప్పింది. ఆయన భుజాలు కదిలాయి, అంటే చదువుతున్నాడు. ఆగాడు. మా ఆవిడ తలెత్తింది. పెదాలు కదిలాయి.

కలవలేదు.

లోపల ఇంటావిడ చప్పట్లు కొట్టడం కనపడింది. ఆయన లేచి నిలబడ్డాడు. తలుపు తీసి, ‘అన్నా, అయిపోయిందే, లోపలికి రా’ అన్నాడు. నేను లోపలికి వెళ్ళాను గానీ నాలో సగం ఆ బాల్కనీలోనే ఆవిరైపోయింది. పాయసం పెట్టారు. అందులో చక్కెర ఎక్కువైందని అందరూ అన్నారు. నాకు చేదుగా ఉంది.

తిరిగొచ్చేటప్పుడు కారులో నేను ప్రతీకారం మొదలుపెట్టాను. ‘మీరు బెల్టు పెట్టుకోండి’ అన్నాను. ‘మీకు ఏసీ ఎక్కువైందా’ అన్నాను. ఆవిడ వింతగా చూసి, వడదెబ్బ తగిలిందా అండీ అని నుదురు ముట్టుకుంది. ఇంకో రెండు డైవర్షన్లు ఓర్చుకున్నాను. మూడోదాని దగ్గర కట్ట తెగింది.

‘ఎలా వచ్చిందే నీకా మాట? నేనడిగితే పొలమారింది. ఆయనకైతే గడగడా వచ్చేసింది.’

‘ఆయన్ని చూస్తే రాలేదండీ’ అంది, కిటికీలోంచి తవ్విన రోడ్డు చూస్తూ. ‘మీరూ విన్నారుగా, మూడుసార్లు రాలేదు. తలెత్తేసరికి అద్దానికి మీ ముక్కు అప్పచ్చిలా అతుక్కుపోయి కనపడింది. బయటికి పంపిస్తే అక్కడికే వస్తారని నాకు తెలుసు. మిమ్మల్ని చూసే అనేశాను.’

కారు డైవర్షన్ బోర్డు దాటి ఎటో వెళ్ళింది. ఎటు వెళ్ళిందో నాకు తెలియదు.

‘అయితే ఇప్పుడను.’

ఆవిడ నావైపు తిరిగింది. నోరు తెరిచింది. ‘ను’ దాకా వచ్చి, నవ్వొచ్చి, మొహం చేతుల్లో దాచుకుంది. ‘ఇప్పుడు మధ్యలో అద్దం లేదుగా అండీ’ అంది.

నేను కారు పక్కకి తీసి ఆపాను. దిగాను. తలుపు వేశాను. ఇటు చుట్టూ తిరిగి వచ్చి, ఆవిడ పక్క అద్దానికి ముక్కు ఆనించాను. అది పెనంలా కాలింది. వెనక లారీవాడు హారను మోగించి, అద్దం దించి, యల్లా యల్లా అని అరుస్తున్నాడు. వాడికి తెలియదు, పెళ్ళయిన ఇన్నేళ్ళకి నేను పెళ్ళిచూపుల్లో ఉన్నానని.

లోపల ఆవిడ పెదాలు కదిలాయి. మొదట్లో కలవలేదు. ఏమందో చచ్చినా వినపడలేదు.

గబగబా వచ్చి తలుపు తీసి, ‘ఏమన్నావే’ అన్నాను.

‘ఎక్కండి, లారీ ఆగింది అన్నాను.’

‘ఎక్కండి’ అనడానికీ పెదాలు కలవక్కర్లేదు, నిజమే. ఇంటికి వెళ్ళాక అద్దం ముందు నిలబడి చాలాసార్లు అని చూసుకున్నాను. అయినా ఆవిడ అన్నది అది కాదు.